హయటస్ హెర్నియాతో ఎసిడిటీ: ఆపరేషన్ ఎవరికి, ఏ రకం, ముందు ఏ టెస్టులు?

కాకతీయ_కాలనీ:

మా అన్నకు 44 ఏండ్లు. నర్సంపేట దిక్కు రైస్‌మిల్లుల పని, బస్తాలు ఎత్తుడు దించుడు. ఐదేండ్ల సంది ఛాతిల మంట. వంగంగనే పుల్లటి నీళ్లు గొంతులకు తన్నుకొస్తయి, రాత్రి పండుకుంటే దగ్గు. పాంటోప్రజోల్ 40 పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నడు. గోళీతోని మంట చానా తగ్గుతది గని నీళ్లు ఎక్కుడు మాత్రం ఆగుతలేదు. గోళీ బంద్ చేస్తే మూడో రోజుకు మళ్ల మొదటికే. బరువు 68 కిలోలు, ఎత్తు 165. షుగర్, బీపీ లేవు. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ అయినయి, గుండెకు ఏం లేదన్నరు.

ఎండోస్కోపీ రిపోర్టుల ఉన్నది ఇది: జడ్ లైన్ 36 సెం.మీ., హయటస్ 39 సెం.మీ., ఈసోఫజైటిస్ ఎల్‌ఏ గ్రేడ్ బి, హిల్ గ్రేడ్ 3, హెచ్ పైలోరి నెగటివ్.

ఒక డాక్టర్ సారు లాప్రోస్కోపీల నిస్సెన్ చేస్తం, వచ్చే వారం అడ్మిట్ కాండ్రి అన్నరు. ఇంకొకరు కోత లేకుంట ఎండోస్కోపీ నుంచే కుట్లు వేయొచ్చు అన్నరు. ఏది నమ్మాలె? ఆపరేషన్ అయినంక బస్తాలు ఎత్తొచ్చునా? ఆరోగ్యశ్రీల అయితదా? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండ్రి.

లాప్_టేబుల్:

మీరు రాసిన రిపోర్టులోనే సగం జవాబు ఉంది, ముందు దాన్ని చదువుకుందాం. జడ్ లైన్ అంటే అన్నవాహిక పొర ముగిసి కడుపు పొర మొదలయ్యే గీత. హయటస్ అంటే డయాఫ్రంలోంచి అన్నవాహిక కిందికి దిగే కంత. కొలత ముందుపళ్ల దగ్గర్నుంచి. మామూలుగా ఈ రెండూ ఇంచుమించు ఒకేచోట ఉంటాయి. మీ అన్నకు గీత 36 దగ్గర, కంత 39 దగ్గర. అంటే మూడు సెంటీమీటర్ల మేర కడుపు ఛాతీలోకి జారింది. ఎల్‌ఏ గ్రేడ్ అంటే యాసిడ్ వల్ల అన్నవాహికలో పడిన పుండ్ల తీవ్రత, ఎ నుంచి డి దాకా. హిల్ గ్రేడ్ 3 అంటే కడుపు లోపలి నుంచి స్కోపును వెనక్కి తిప్పి చూసినప్పుడు మూత సరిగా పడటం లేదని.

అక్కడ అడ్డుకట్ట నిజానికి రెండు పొరల పని. అన్నవాహిక కింది చివర ఉండే కండరం ఒకటి, దాన్ని బయటి నుంచి నొక్కిపట్టే డయాఫ్రం కండరాలు రెండోది. ఈ రెండో దాన్నే క్రూరా అంటారు. హెర్నియాలో ఇవి రెండూ విడిపోయి దేని దారి దానిది అవుతుంది. పాంటోప్రజోల్ లాంటి పీపీఐ గోళీ యాసిడ్ తయారీని తగ్గిస్తుంది, అంతవరకే. పైకి ఎక్కడం ఎప్పటిలాగే ఉంటుంది, ఎక్కే నీళ్లలో పులుపు తగ్గుతుంది. అందుకే ఆయనకు మంట తగ్గింది, నీళ్లు తగ్గలేదు. ఇదేమీ వింత కాదు, ఆపరేషన్ బాగా పనిచేసే మనిషి లక్షణమే ఇది.

జనం దీన్ని తలకిందులుగా అనుకుంటారు. గోళీలు ఏమాత్రం పనిచేయట్లేదు కాబట్టి ఇక కత్తే దిక్కు అని వస్తారు. డబుల్ డోసుకు కూడా అసలు కదలని మంటలో చాలాసార్లు యాసిడ్ పాత్రే ఉండదు. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన అమెరికా ట్రయల్ చూడండి. గోళీకి లొంగని మంట అని పంపిన 366 మందిని గట్టిగా పరీక్షిస్తే, ఆపరేషన్ ట్రయల్‌కు నిలిచినవాళ్లు 78 మంది. 99 మందికి వచ్చింది ఫంక్షనల్ హార్ట్‌బర్న్, అంటే అన్నవాహిక నరాల అతిసున్నితం. 42 మందికి ఒమెప్రజోల్‌ను సరైన వేళకు రెండు వారాలు వేయిస్తేనే తగ్గిపోయింది. మిగిలిన 78 మందిలో మాత్రం ఆపరేషన్ చేసినవాళ్లలో 67 శాతానికి గుణం కనిపించింది, మందులు పెంచినవాళ్లలో 28 శాతానికి. మనిషిని సరిగ్గా ఎంచుకుంటే ఆపరేషన్ గెలుస్తుంది, ఎంచకుండా చేస్తే పేషెంటు ఓడిపోతాడు.

కాబట్టి వచ్చే వారమే అడ్మిట్ కమ్మన్నమాట నాకు నచ్చలేదు. నిస్సెన్ అంటే కడుపు పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుట్టే ఆపరేషన్, ఆ చుట్టునే రాప్ అంటారు. మానోమెట్రీ, అంటే అన్నవాహిక కండరాల ఒత్తిడి కొలిచే టెస్టు, చేయకుండా నిస్సెన్ వేయకూడదు. అకలేషియా అనే జబ్బులో కింది కండరం తెరుచుకోదు, తిన్నది అన్నవాహికలోనే పులిసి పైకి వస్తుంది. పేషెంటు చెప్పే మాటలు అచ్చం ఎసిడిటీలాగే ఉంటాయి. దానికి పొరపాటున రాప్ వేస్తే మింగడానికి దారే ఉండదు.

ఒకటి మాత్రం ముందే సరిచూసుకోండి. పాంటోప్రజోల్ తిండికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. రాత్రి తిన్నాక, పడుకోబోయే ముందు వేసుకుంటుంటే సగం మందు వృథా.

నక్కలగుట్ట_జీఐ:

టెస్టుల సంగతి నేను చెప్తాను. ప్రతి ఎండోస్కోపీ సెంటర్లో ఇవి ఉండవు. హనుమకొండలో ముందు ఫోన్ చేసి, హై రెజల్యూషన్ మానోమెట్రీ, 24 గంటల పీహెచ్ ఇంపిడెన్స్ (యాసిడ్, నీళ్లు ఎన్నిసార్లు పైకి ఎక్కాయో కొలిచేది) రెండూ ఉన్నాయా అని పేర్లు చెప్పి అడగండి. లేకపోతే హైదరాబాద్ పోవాలి. రెండూ ఒకే విడతలో చేయించుకుంటే మేలు, ఎందుకంటే పీహెచ్ ట్యూబు ఎంత లోతున పెట్టాలో మానోమెట్రీయే చెప్తుంది. సెన్సార్ కింది కండరం పై అంచుకు సరిగ్గా 5 సెం.మీ. ఎత్తున కూర్చోవాలి. అంచనాతో పెడితే అంకెలన్నీ తప్పుతాయి.

మానోమెట్రీకి ముక్కులోంచి సన్నని గొట్టం దించి, పడుకోబెట్టి 5 మి.లీ. చొప్పున నీళ్లు పది గుక్కలు మింగిస్తారు. తర్వాత 2 మి.లీ. చొప్పున ఐదు గుక్కలు వెంటవెంటనే. ఈ రెండోది అడిగి మరీ చేయించండి. వరస గుక్కల తర్వాత అన్నవాహిక మామూలుకన్నా గట్టిగా పిండితే, దానిలో ఇంకా శక్తి నిల్వ ఉందన్నమాట. రాప్ పడ్డాక ముద్దను కిందికి తోయగలదా లేదా అన్నదానికి ఇదొక ఆనవాలు. అరగంటలోపు పని. మత్తు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి.

పీహెచ్ టెస్టుకు తయారీ ముఖ్యం. గోళీలు వేసుకుంటూ ఇంతవరకు యాసిడ్ రుజువు కానివాళ్లకు, గోళీలు ఆపే చేయాలి. పీపీఐ ఏడు రోజుల ముందు, ఫామోటిడిన్ లాంటివి మూడు రోజుల ముందు, జెల్యూసిల్ లాంటి సిరప్‌లు ఆ ముందురోజు ఆపాలి. ఆ వారం మంట మండుతుంది, అది తప్పదు. ట్యూబు ఉన్న 24 గంటలు ఇంట్లోనే, మామూలుగానే ఉండాలి. పప్పుచారు, పచ్చిపులుసు, మిర్చిబజ్జీ, రోజూ ఏది తింటే అదే. చాలామంది ట్యూబు ఉందని ఉపవాసం చేసి, కుర్చీలోంచి కదలకుండా కూర్చుంటారు. అప్పుడు రిపోర్టు నార్మల్ వస్తుంది, మంట మాత్రం తగ్గదు. తిన్న టైము, పడుకున్న టైము, మంట వచ్చిన టైము మిషన్ మీద బటన్ నొక్కుతూ కాగితం మీద కూడా రాయాలి.

చదవడం ఇలా. అన్నవాహికలో పీహెచ్ 4 కన్నా తక్కువ ఉన్న సమయం మొత్తంలో 6 శాతం దాటితే జబ్బు ఖాయం. 4 శాతంలోపు ఉంటే యాసిడ్ ఎక్కడం మామూలు హద్దులోనే ఉన్నట్టు. నడుమ వస్తే ఇంపిడెన్స్ లెక్కలు, ఎక్కిన సార్ల సంఖ్య చూసి తేలుస్తారు, రోజుకు 80 సార్లు దాటడం జబ్బు వైపు సాక్ష్యం. గ్రేడ్ సి, డి పుండ్లు ఉంటే పీహెచ్ టెస్టు అక్కర్లేదు, కంటికి కనిపించేదే రుజువు. గ్రేడ్ బి ని లియాన్ నిబంధనల (ఈ జబ్బును తేల్చడానికి డాక్టర్లు వాడే కొలమానాలు) రెండో కూర్పు రుజువుగా ఒప్పుకుంది. అయినా ఆపరేషన్ దాకా పోయేవాళ్లకు చేయించడమే నా లెక్క. గ్రేడ్ ఎ, బి ల మధ్య తేడా చూసేవారి కంటిని బట్టి మారుతుంది, పైగా ఆపరేషన్ తర్వాత మంట మళ్లీ వస్తే పోల్చడానికి పాత అంకె చేతిలో ఉంటుంది.

బేరియం ఎక్స్‌రే పాతకాలపుదని తీసిపారేయకండి. మనిషి నిలబడితే హెర్నియా కిందికి జారుతుందా, అక్కడే ఇరుక్కుందా, అన్నవాహిక పొట్టిబడిందా అన్నది సర్జన్‌కు అదే చెప్తుంది. తిన్న గంటల తర్వాత కూడా అన్నం మెతుకులు వాంతిలో పడేవాళ్లకు, ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు కడుపు ఖాళీ అయ్యే వేగం కూడా కొలవాలి. మీ అన్నకు అది అక్కర్లేదు.

కరీంనగర్_రీడర్:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మకు 52 ఏళ్లు, బరువు 96, ఎత్తు 155, షుగర్ ఉంది. ఆమెకూ ఇదే బాధ. బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేస్తే రెండూ పోతాయంటున్నారు. నిజమేనా?

లాప్_టేబుల్:

కాదు. మీ అమ్మగారి బీఎంఐ 40. స్లీవ్‌లో కడుపును సన్నని గొట్టంలా కోసేస్తారు, అందులో ఒత్తిడి పెరుగుతుంది, పైన ఫండస్ (కడుపు పైభాగం) పోతుంది కాబట్టి రేపు రాప్ వేద్దామన్నా గుడ్డ మిగలదు. ఉన్న ఎసిడిటీ ముదరొచ్చు, లేనివాళ్లకు కొత్తగా రావచ్చు. ఆమెకు అడగాల్సింది రూ ఆన్ వై గ్యాస్ట్రిక్ బైపాస్. అందులో యాసిడ్ తయారుచేసే భాగం చాలావరకు దారి తప్పుతుంది, బరువు, షుగర్ కూడా దిగుతాయి. హెర్నియా ఉంటే అదే సిట్టింగులో కుడతారు. ఈ బరువులో ఒట్టి నిస్సెన్ వేసినా పొట్టలో ఒత్తిడికి కుట్లు జారే భయం ఎక్కువ. మినీ బైపాస్ అని చెప్తే, పైత్యరసం పైకి ఎక్కే అవకాశం ఉందా అని సూటిగా అడగండి.

ఇక మొదటి ప్రశ్న. నిస్సెన్ లాంటి రాప్ ఆపరేషన్లన్నిటినీ ఫండోప్లికేషన్ అంటారు. ఫండోప్లికేషన్ అంటే ఏం చేస్తారో తెలిస్తే ఏది ఎందుకు చెడుతుందో దానంతట అదే అర్థమవుతుంది.

పూర్తి మత్తు. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి ఐదు చిన్న రంధ్రాలు, 5 నుంచి 10 మి.మీ. తల వైపు ఎత్తుతారు. కాలేయం ఎడమ తమ్మెను పైకి లేపిపట్టి, డయాఫ్రం కంత చుట్టూ పొరలు విడదీస్తారు. అక్కడ ముందొకటి వెనకొకటి వేగస్ నరాలు ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే కడుపు ఖాళీ కావడం మందగిస్తుంది, లేదంటే విరేచనాలు పట్టుకుంటాయి. తర్వాత ఛాతీలోకి జారినదాన్ని కిందికి దింపాలి. లాగితే దిగినట్టు కనిపించడం కాదు, వదిలేశాక కూడా రెండు మూడు సెంటీమీటర్ల అన్నవాహిక పొట్టలోనే నిలవాలి. ఛాతీ లోపలికంటా వెళ్లి చుట్టూ విడదీయడానికి ఓపిక పట్టని చోటే చాలా ఆపరేషన్లు రెండేళ్లకు చెడతాయి. ఎంత విడదీసినా దిగకపోతే అది పొట్టి అన్నవాహిక, అప్పుడు కడుపు పైభాగంతోనే పొడుగు పెంచే కాలిస్ పద్ధతి వాడాలి.

ఆ పని చేస్తుంటే పక్కనున్న ప్లూరా (ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర) చిరిగి గ్యాస్ ఛాతీలోకి పోవడం అప్పుడప్పుడూ ఉంటుంది. అది కార్బన్ డయాక్సైడ్ కాబట్టి చాలావరకు దానంతట అదే ఇంకిపోతుంది, అందరికీ ఛాతీ ట్యూబు అక్కర్లేదు.

తర్వాత అన్నవాహిక వెనక క్రూరాను కరగని దారంతో రెండు మూడు కుట్లు వేసి కంతను బిగిస్తారు. మూడు సెంటీమీటర్ల హెర్నియాకు మెష్ (కంతకు దన్నుగా వేసే వల) అవసరం సాధారణంగా పడదు. పెద్ద వాటికి వేసినా, కరగని మెష్ కాలక్రమంలో అన్నవాహికలోకి తొలుచుకుపోయిన కేసులు ఉన్నాయి కాబట్టి ఎందుకు వేస్తున్నారో అడగండి. తర్వాత ప్లీహం వైపు ఉన్న చిన్న రక్తనాళాలను కోసి ఫండస్‌ను వదులు చేస్తారు. ఆ ఫండస్‌ను అన్నవాహిక వెనక నుంచి తెచ్చి, మెడకు కండువా చుట్టినట్టు చుట్టి ముందు కుడతారు. అదే రాప్. కుట్లలో ఒకటైనా అన్నవాహిక కండరాన్ని పట్టాలి, లేకుంటే రాప్ కిందికి జారి కడుపు నడుముకు చుట్టుకుంటుంది. అన్నవాహిక లోపల 56 నుంచి 60 ఫ్రెంచ్ సైజు బూజీ (రాప్ మరీ బిగియకుండా కొలతకు పెట్టే గొట్టం) ఉంచి, రాప్ పొడవు 2 సెం.మీ. దాటకుండా వదులుగా వేయడం ఇప్పటి పద్ధతి. రుడాల్ఫ్ నిస్సెన్ 1950లలో మొదలుపెట్టినప్పుడు రాప్ ఇంతకన్నా పొడుగు, బిగువు. లాప్రోస్కోపీలో 1991లో బెల్జియంలో మొదలైంది.

చుట్టూ 360 డిగ్రీలు తిప్పితే నిస్సెన్. వెనక నుంచి 270 వరకే తిప్పి ముందు భాగం వదిలేస్తే టూపే. ముందు నుంచి 180 వేస్తే డోర్. నిస్సెన్, టూపేలను పోల్చిన ట్రయల్స్‌లో ఎసిడిటీ ఆపడం ఇంచుమించు ఒకేలా ఉంది, మింగడంలో ఇబ్బంది, ఉబ్బరం టూపేలో తక్కువ. అన్నవాహిక పిండే బలం తక్కువగా ఉంటే టూపే వైపే మొగ్గాలి. బలం బాగుంటే సర్జన్ చేయి ఏది ఎక్కువ తిరిగిందో అది మంచిది. మీ సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ‘ఎన్ని గాల్‌బ్లాడర్లు తీశారు’ అని కాదు, ‘ఫండోప్లికేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు’ అని.

లెక్కలు కూడా చెప్పాలి. లోటస్ అనే యూరప్ ట్రయల్‌లో ఐదేళ్లకు ఆపరేషన్ వైపు 85 శాతం, ఎసోమెప్రజోల్ వైపు 92 శాతం అదుపులో ఉన్నారు. అంటే గోళీతో పూర్తిగా కుదుటపడ్డ మనిషికి ఆపరేషన్ చేసి ఒరగబెట్టేది పెద్దగా లేదు. స్వీడన్‌లో 2,655 మందిని వెంబడించి చూసిన 2017 అధ్యయనంలో 17.7 శాతానికి ఎసిడిటీ తిరగబెట్టింది, వాళ్లలో ఎక్కువమంది మళ్లీ గోళీల మీదికి వెళ్లారు. జీవితాంతం గోళీ అక్కర్లేదు అని ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి. మీ అన్న లాంటివారికి అసలు లాభం నీళ్లు ఎక్కడం, రాత్రి దగ్గు ఆగడం.

గోళీల వల్ల కిడ్నీ పోతుంది, ఎముకలు గుల్లవుతాయి అనే భయంతోనే ఆపరేషన్‌కు పోవడం కూడా సరైన కారణం కాదు. పాంటోప్రజోల్ 40 ని మూడేళ్లు 17 వేల పైచిలుకు మంది మీద డమ్మీ గోళీతో పోల్చిన కంపాస్ ట్రయల్‌లో తేడా తేలింది పేగు ఇన్‌ఫెక్షన్లలో మాత్రమే.

కాకతీయ_కాలనీ:

బాగ సమజైంది అన్నా. మరి ఎండోస్కోపీ నుంచే కుట్లు అన్నది పనికి రాదా? కోత లేకుంటే అన్న జల్ది పనికి పోతడని మా వదినె ఆశ.

నక్కలగుట్ట_జీఐ:

పద్ధతులు నిజమైనవే, మీ అన్నకు సరిపోవు. టీఐఎఫ్ అనేది నోటిలోంచి పరికరం దించి లోపలి నుంచే ఫ్లాప్ కట్టడం. జెర్డ్‌ఎక్స్ అనే పరికరంతో పూర్తి మందం కుట్టు వేయడంపై హైదరాబాద్ ఏఐజీ ఆస్పత్రి వాళ్లే డమ్మీ ప్రొసీజర్‌తో పోల్చి ట్రయల్ చేశారు, 2022లో గట్ జర్నల్‌లో వచ్చింది. ఫలితం బాగుంది. యాంటీ రిఫ్లక్స్ మ్యూకోసెక్టమీ అని జపాన్ పద్ధతి ఇంకోటి, పొరను కొంత తీసేస్తే మానేటప్పుడు మచ్చకట్టి బిగుస్తుంది. ఎక్కువ తీస్తే మింగడానికి ఇరుకవుతుంది, బెలూన్‌తో వెడల్పు చేయాల్సి వస్తుంది. స్ట్రెట్టా అనే రేడియో ఫ్రీక్వెన్సీ పద్ధతి మీద సాక్ష్యం అటూ ఇటూ ఉంది, నేనైతే సిఫారసు చేయను.

వీటన్నిటికీ హద్దు ఒకటే. డయాఫ్రం కంతను ఇవేవీ బిగించవు. అందుకే హెర్నియా 2 సెం.మీ. లోపు, హిల్ గ్రేడ్ 1 లేదా 2 ఉన్నవాళ్లకే వీటిని పెట్టుకుంటారు. మూడు సెంటీమీటర్లు, గ్రేడ్ 3, పైగా రోజంతా బస్తాలు మోసే మనిషి. కంత తెరిచే ఉంచి లోపల ఎంత కుట్టినా నిలవదు. అన్నవాహిక చుట్టూ అయస్కాంత పూసల గొలుసు వేసే లింక్స్ గురించి యూట్యూబ్‌లో చూసి ఉంటారు. అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. ఇక్కడ దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. పైగా అది ఉన్నవాళ్లకు ఎంఆర్‌ఐ తీసేటప్పుడు మిషన్ శక్తి చూసుకోవాలి.

జావ_గ్లాసు:

ఆపరేషన్ తర్వాత తిండి గురించి ఆస్పత్రిలో ఒక జిరాక్స్ కాగితం ఇస్తారు. అందులో బ్రెడ్, కస్టర్డ్ అని ఉంటుంది. మన ఇళ్లలో పనికొచ్చేటట్టు చెప్తాను.

రాప్ చుట్టూ వాపు ఉంటుంది, అది తగ్గడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా మింగేటప్పుడు పట్టినట్టు ఉండటం మామూలే. మొదటి వారం తాగేవి మాత్రమే: వడకట్టిన రాగిజావ, పలుచని పప్పుకట్టు, మజ్జిగ, మిరియం తక్కువ వేసిన చారునీళ్లు, పాలు. ఒకేసారి ముప్పావు గ్లాసు మించొద్దు, రోజుకు ఆరేడు సార్లు. రెండు, మూడు వారాల్లో మెత్తగా మిక్సీ పట్టినవి: పెసరపప్పు, మెత్తని గటకలో మజ్జిగ కలిపి, పెరుగన్నం పిసికి జారుగా, ఉడికించిన గుమ్మడి. నాలుగో వారం నుంచి సాంబారులో నానిన ఇడ్లీ, మెత్తని ఉప్మా, గుడ్డు పొరటు, ముల్లు తీసిన చేప.

ఆరు వారాల దాకా ముట్టకూడనివి జొన్నరొట్టె, చపాతీ, పొడి అన్నం ముద్ద, మటన్ ముక్క, సకినాలు. గొంతు దాటాక ఇరుక్కునేవి ఇవే. ఇరుక్కుంటే నీళ్లు గడగడా తాగి కిందికి నెట్టాలని చూడకండి. లేచి నిలబడి, చిన్నగా నడిచి, గుటక వేయకుండా కాసేపు ఆగండి. గంటైనా ఉమ్మి కూడా దిగకపోతే ఆస్పత్రికి పోవాలి.

తేపు రాదు. వచ్చినా తక్కువ. మింగిన గాలి కిందికే పోవాలి కాబట్టి ఉబ్బరం, కిందినుంచి గాలి ఎక్కువ. సోడా, కూల్‌డ్రింకులు, స్ట్రాతో తాగడం, చాయ్ జుర్రుకోవడం మానాలి. కల్లు కూడా అంతే, పులిసిన కల్లులో నురగంతా గ్యాసే. మా పేషెంట్లకు డాక్టర్లు సోడా వద్దని చెప్తారు, కల్లు గురించి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కనీసం మూడు నెలలు ఆపమనండి.

గోళీల విషయం. పెద్ద మాత్రలు మొదటి రెండు మూడు వారాలు సిరప్‌గా మార్పించుకోవాలి, కుదరకపోతే పొడిచేయాలి. పాంటోప్రజోల్ లాంటి పైపూత ఉన్నవాటిని, ఎస్‌ఆర్ అని రాసినవాటిని మాత్రం నలపకూడదు.

మొదటి కొన్ని రోజుల్లో వాంతి, వట్టి ఓకరింపులు రాకుండా చూడటం అన్నిటికన్నా ముఖ్యం. ఒక్క గట్టి ఓకరింపుకు కుట్లు తెగి రాప్ ఛాతీలోకి ఎగబాకొచ్చు. వికారం మొదలవగానే నర్సును పిలిచి వాంతి ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ అడగాలి, చూద్దాంలే అనొద్దు. ఆపరేషన్ తర్వాత భుజం నొప్పి రెండు మూడు రోజులు ఉంటే అది గ్యాస్ వల్ల. ఓకరింపు తర్వాత ఒక్కసారిగా ఛాతీనొప్పి, జ్వరం, ఆయాసం, గుండెదడ వస్తే అదే రోజు సీటీ తీయించాలి.

బస్తాల సంగతి: ఆరు వారాలు 5 కిలోలు దాటొద్దు. బిందె నీళ్లు కూడా అందులోకే వస్తాయి. గ్యాస్ సిలిండర్, 16 లీటర్ల పురుగుమందు స్ప్రేయర్, మిల్లు బస్తా మూడు నెలల దాకా వద్దు. మూడు నెలల తర్వాత కూడా ఊపిరి బిగబట్టి ఎత్తడం కన్నా ఇద్దరు పట్టడం, ట్రాలీ వాడటం మంచిది. మిల్లులో కాటా దగ్గరో, మిషన్ దగ్గరో పని మార్చుకునే వీలుందేమో సీజన్ మొదలవకముందే మాట్లాడుకోండి.

దగ్గు, మలబద్ధకం ఉంటే ఆపరేషన్‌కు ముందే తగ్గించుకోవాలి. బీడీ ఉంటే ఇప్పుడే ఆపాలి. దగ్గిన ప్రతిసారీ క్రూరా కుట్టు మీద దెబ్బ పడుతుంది.

కాకతీయ_కాలనీ:

రెండు టెస్టులూ అయినయి. మానోమెట్రీ: ఐఆర్‌పీ 9, పది గుక్కల్ల ఆరు నార్మల్, నాలుగు వీక్. వరస గుక్కల తర్వాత బలం పెరిగింది అని రాసిన్రు. పీహెచ్: యాసిడ్ సమయం 8.4 శాతం, ఎక్కుడు 91 సార్లు. బేరియంల హెర్నియా నిలబడితే కొంచెం కిందికి జారుతున్నది. బీడీ బంద్ పెట్టించినం. ఇప్పుడు నిస్సెనా, టూపేనా?

లాప్_టేబుల్:

ఐఆర్‌పీ అంటే మింగేటప్పుడు కింది కండరం వదులవుతుందా లేదా చెప్పే ఒత్తిడి అంకె. అది 15 లోపు ఉంది, అకలేషియా లేదు. పదిలో నాలుగు వీక్ అయితే దాన్ని మోటిలిటీ జబ్బు అనరు, వీక్ గుక్కలు 70 శాతం దాటినప్పుడే ఆ పేరు పెడతారు. నిల్వ శక్తి ఉంది. 8.4 శాతం అంటే జబ్బు ఖాయం. హెర్నియా జారుతోంది కాబట్టి అన్నవాహిక పొట్టిబడి ఉండకపోవచ్చు. ఆపరేషన్‌కు తగిన మనిషే.

రెండూ వేయొచ్చు. నా చేతిలో ఉంటే టూపే వేస్తాను. నాలుగు వీక్ గుక్కలు ఉన్నాయి, తొందరగా తిండి తిని పనికి పోవాల్సిన మనిషి, ఉబ్బరం తక్కువ ఉండటం అతనికి ముఖ్యం. మీ సర్జన్ నిస్సెన్‌లోనే చేయి తిరిగినవారైతే, పొట్టిగా వదులుగా వేస్తానంటే, దానికి కూడా అభ్యంతరం లేదు. కంత కుట్టడం ఎలాగూ రెండిట్లోనూ ఉండాలి, ఒప్పందం కాగితంలో ‘హయటల్ హెర్నియా రిపేర్, ఫండోప్లికేషన్’ అని రెండూ కలిపి రాయించండి.

మూడు నెలల తర్వాత కూడా మింగడం కష్టంగా ఉంటే ముందు బేరియం, ఎండోస్కోపీ, తర్వాత 18 నుంచి 20 మి.మీ. బెలూన్‌తో వెడల్పు చేయడం. చాలామందికి అక్కడితో సరిపోతుంది. రెండోసారి ఆపరేషన్ మొదటిదానికన్నా కష్టం, ఫలితమూ తక్కువ, అందుకే తొందరపడి దానికి ఒప్పుకోవద్దు.

నక్కలగుట్ట_జీఐ:

ఆరోగ్యశ్రీ గురించి ఎవరూ చెప్పలేదు. తెలంగాణలో కుటుంబానికి పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు, కాబట్టి పరిమితి సమస్య కాదు. చూసుకోవాల్సింది ఆ ఆస్పత్రి ఆ విభాగంలో నెట్‌వర్క్‌లో ఉందా, ఈ ఆపరేషన్ ప్యాకేజీ అక్కడ నడుస్తోందా అన్నది. అడ్మిట్ కాకముందే కౌంటర్ దగ్గరున్న ఆరోగ్యమిత్రకు ఆపరేషన్ పూర్తి పేరు చూపించి అడగండి. ప్రీ ఆథరైజేషన్ వచ్చాకే డేట్ ఖాయం చేసుకోండి. ఎండోస్కోపీ ఫొటోలు, మానోమెట్రీ, పీహెచ్ గ్రాఫులు, బేరియం ఫిల్మ్ అన్నీ జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఫొటో లేని రిపోర్టులు వెనక్కి వస్తుంటాయి. ప్రైవేటు ఇన్సూరెన్స్ కూడా ఉంటే హెర్నియాకు వెయిటింగ్ పీరియడ్ ఎంతో చూడండి, చాలా పాలసీల్లో రెండేళ్లు.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఆపరేషన్ నోట్ కాపీ అడిగి తీసుకోండి. ఏ రాప్ వేశారు, ఎన్ని డిగ్రీలు, మెష్ వేశారా లేదా, బూజీ సైజు ఎంత. ఐదేళ్ల తర్వాత వేరే డాక్టర్ ఎండోస్కోపీ చేస్తే ఆయనకు కావాల్సినవి ఇవే.